కెలవరపల్లి నుండి కడలి దాకా

మన హోసూరు ప్రాంతపు తెలుగు కుటుంబములవారు సముద్రము చూడవలెనంటే చెన్నపట్నమునకు పోవుట వాడుక. మన ఊరి పక్కనుంచే సముద్రమునకు పోయే దారి ఒకటి ఉన్నదని చాలమంది తలపరు. ఆ దారి మన నదిదే. కెలవరపల్లి జలాశయములో కాసేపు ఆగి, గట్టు దాటి సాగిపోయే దక్షిణ పినాకిని కడలూరు వద్ద బంగాళాఖాతములో కలుస్తున్నది. ఆ నది జాడ పట్టుకొని మేము కారులో పోయి వచ్చినాము. ఆ ముచ్చట చదువరులకు ఉపయోగపడునని వ్రాస్తున్నాను.

మొదట నది పుట్టుక చెప్పవలెను. నంది కొండలలో అక్కచెల్లెండ్రు ఇద్దరు పుట్టినారు. అక్క ఉత్తర పినాకిని అనంతపురము, కడప సీమల మీదుగా నెల్లూరు దాటి సముద్రము చేరినది. చెల్లెలు దక్షిణ పినాకిని మన పొలముల పక్కగా తమిళ దేశము ప్రవేశించి, తెన్‌పెణ్ణై అనిపించుకొని, 400 కిలోమీటర్లకు తక్కువ గాని ప్రయాణము చేసినది. నెల్లూరివారికి పెన్న యెట్లో మనకిది అట్లు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము వేరుపడినప్పుడు మనము చెల్లెలి పక్షాన మిగిలినాము. ఆనాడు మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్న రాజాజీగారు 1878లో పుట్టినది హోసూరికి చేరువలోని తొరపల్లిలోనే. ఆయన పుట్టిన ఇంటిని స్మారకముగా కాపాడుతున్నారు. చూచి పోవుట మంచిది.

కెలవరపల్లి గట్టు చేరేసరికి మా పిల్లలు "మంచు, మంచు!" అని కేకలు వేసినారు. గేట్ల క్రింద తెల్లని రాశులు గాలికి ఊగుతున్నవి. అది మంచు కాదు, నురుగు. బెంగుళూరు మురుగు బెళ్ళందూరు, వర్తూరు చెరువుల మీదుగా ఈ నదిలోనికి దిగుతున్నది. ఇండ్లలో వాడే సబ్బుపొడుల సత్తువ, కర్మాగారముల మలినము అందులో కలిసి ఉంటవి. వాన పడి నీరు పెరిగి, గేట్లనుండి ఎత్తుగా పడినప్పుడు గాలి చేరి నురుగు పొంగుతుంది. ఈ జలాశయపు రెండు కాలువల క్రింద సుమారు 8,000 ఎకరముల ఆయకట్టు ఉన్నది. ఈ నీరు వద్దని చెప్పుటకు రైతుకు వీలు లేదు. వేరొక నీరు లేదు. పిల్లలకు ఇదంతా చెప్పి కారెక్కించేసరికి వారి సంబరము కొంత తగ్గినది.

అక్కడినుండి కృష్ణగిరి. ఊరికి ఆవల 1950లలో కట్టిన ఆనకట్ట, దాని పక్క తోట, బాటపొడుగునా మామిడితోపులు. 2017 నవంబరులో ఈ ఆనకట్ట గేటొకటి విరిగి నిలువనీరు చాలవరకు పారిపోయినది. కృష్ణగిరి నుండి తిరువణ్ణామలై బాట పట్టి, ఊత్తంగరై, చెంగము దాటి, పక్కకు తిరిగితే సాత్తనూరు. 1958లో పూర్తియైన ఈ ఆనకట్టలో 119 అడుగుల నీరు నిలుచును. కొండల నడుమ నీరు చూచుచు పులిహోర పొట్లములు విప్పుటకు ఇంతకంటె మంచి చోటు లేదు. అయితే 2024 డిసెంబరు మొదట్లో ఫెంగల్ తుపాను వానకు ఊత్తంగరైలో ఒక్కనాటిలో 50 సెంటీమీటర్లు కురియగా, సాత్తనూరు గేట్లు ఎత్తక తప్పలేదు. విల్లుపురము, కడలూరు జిల్లాలలో ఎన్నో ఊళ్ళు మునిగినవి. ఎగువన వాన ఎంత పడినదో దిగువవారికి ముందుగా తెలియుట ఎంత అవసరమో ఇక్కడ నిలబడితే బోధపడుతుంది.

తిరువణ్ణామలైలో అరుణాచలేశ్వరుని సేవించి, రాత్రి అక్కడే నిలిచి, ఉదయము సెంజి చేరవచ్చును. కోట కొండలెక్కుటకు మోకాళ్ళ సత్తువ కావలెను. విజయనగర ప్రభువుల కాలమున దీనిని ఏలినది తెలుగు నాయకులే.

గుహలను చూడగోరువారు సెంజి నుండి విల్లుపురము పోయే బాటకు చేరువలోని మండగప్పట్టు తప్పక చూడవలెను. 7వ శతాబ్దములో పల్లవ మహేంద్రవర్మ ఒక్క బండలో తొలిపించిన గుడి అది. ఇటుక, కొయ్య, లోహము, సున్నము లేకుండ బ్రహ్మకు, శివునికి, విష్ణువునకు ఈ ఆలయము కట్టించితినని సంస్కృత శాసనములో చెప్పుకొన్నాడు. వాకిట ద్వారపాలకులిద్దరు తప్ప పెద్ద ఆడంబరము లేదు. దీని తరువాత మామల్లపురపు గుహలను చూచినవారికి, శిల్పుల చేయి ఎట్లు తిరిగినదో తెలుస్తుంది.

కడలూరికి కొంచెము ఉత్తరముగా తాళంగుడ అనే బెస్తపల్లె వద్ద మన నది సముద్రములో కలుస్తుంది. ఇసుకతిన్నెల నడుమ మెల్లగా, అలసిన మనిషివలె వస్తుంది. తై నెల 5వ నాడు, అనగా సంక్రాంతి వెళ్ళిన నాలుగు దినములకు, ఈ నది ఒడ్డున ఆట్రుత్తిరువిళా జరుగును. చుట్టుపక్కల గుళ్ళలోని దేవతామూర్తులను ఏటికి తెచ్చి తీర్థమాడింతురు. మనము మురుగు కలిపి పంపిన నీటికే వారు పూజ చేయుచున్నారని తలచినప్పుడు సిగ్గు కలుగును.

అక్కడినుండి పుదుచ్చేరి మీదుగా తూర్పుతీరపు బాట పట్టితే, మరక్కాణము ఉప్పుమళ్ళు దాటి మామల్లపురము చేరవచ్చును. జలపాతము కావలెనన్నవారు మరొక దినము ఉంచుకొని, డెంకణికోట, అంచెట్టి అడవిబాటన హొగెనకల్ పోయి, కావేరిలో పుట్టి ఎక్కవలెను. కన్నడములో ఆ పేరునకు పొగరాయి అని అర్థము. అక్కడి తెలుపు నీటితుంపర, నురుగు కాదు. వేడినీటి బుగ్గ మాత్రము ఈ దారిలో లేదు. దానికి భద్రాచలము చెంత గుండాలలో గోదావరి ఇసుక తవ్వవలసినదే.

సంక్రాంతికి బంధువులు వచ్చినప్పుడు రెండు మూడు కుటుంబములు కలిసి ఈ ప్రయాణము చేయుట బాగుండును. ఆ రోజులలో ఎండ ఉండదు, తిరువిళా కూడ దక్కుతుంది. నది ఎక్కడికి పోతున్నదో ఎరిగిన ఇంటివారు దానిలో చెత్త వేయుటకు వెనుకాడుదురు. వేయువారిని అడుగుటకు ముందుకు వత్తురు.