గుర్రం ఇంట్లో దిగిన బంటు

చదరంగంలో బంటు చివరి గడికి చేరితే ఏమవుతుంది? మనందరం టక్కున "మంత్రి" అంటాం. కడియంలో మా తాత జవాబు వేరు. "ఏ వాకిట్లో దిగితే ఆ ఇంటివాడవుతాడు" అనేవాడు. ఏనుగు వరసలో చివరికెళ్తే ఏనుగు, గుర్రం వరసలో గుర్రం, శకటు వరసలో శకటు. మధ్యనున్న రెండు వరసలకీ మాత్రం మంత్రి.

ఎనిమిదో తరగతిలో స్కూలు టోర్నమెంటులో ఓ కప్పు కొట్టుకొచ్చాను. ఆ పొగరుతోనే నర్సరీ షెడ్డులో, బంతి నారు ట్రేల మధ్య, తాతతో ఆటకి కూర్చున్నాను. చివరికి ఆయనకి రాజు, ఏనుగు వరసలో ఒక్క బంటు మిగిలాయి. నాకు రాజు, గుర్రం. నా రాజు ఎక్కడో అవతలి మూల ఉంది. పరధ్యానంగా గుర్రాన్ని తీసుకెళ్ళి ఆయన బంటు నోటి దగ్గర పెట్టాను. దాంతో తింటే ఇంకొక్క అడుగులో చివరి గడి! తాత బంటుని ముట్టుకోలేదు. పక్కనున్న రాజుతో తిన్నాడు. నేను పగలబడి నవ్వాను.

"బంటుతో తింటే గుర్రం ఇంట్లో పడతాదిరా. ఒంటి గుర్రంతో నీ రాజుని ఎలా కట్టమంటావు?" అన్నాడు.

"ఇవన్నీ నీ సొంత రూల్సు తాతా, ప్రపంచంలో ఎక్కడా లేవు" అని బోర్డు మడిచేశాను. ఆ తర్వాత ఆయన ఎన్నిసార్లు పిలిచినా ఆడలేదు. ఇంటరు, ఇంజినీరింగు, ఉద్యోగం.. సాకులకేం కొదవ?

ఎక్కడా లేకపోవడమేమిటి! హెచ్. జె. ఆర్. మర్రే 1913లో అచ్చేసిన చదరంగ చరిత్రలో మన దేశపు ఆట గురించి రాస్తూ ఈ రూలు కూడా రాశాడు. 1929లో ఇంగ్లండు వెళ్ళి మూడుసార్లు బ్రిటిష్ ఛాంపియన్ అయిన మీర్ సుల్తాన్ ఖాన్ మొదట నేర్చింది కూడా దేశీ ఆటే. ఇది తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

మనకి బాధ కలిగితే ఏం చేస్తాం, కోడు రాస్తాం. ఏడు పావుల వరకూ ఉన్న ముగింపులన్నీ 2012లోనే మాస్కోలో లొమొనోసొవ్ సూపర్ కంప్యూటర్ మీద లెక్కగట్టేశారు, కానీ అవి మా తాత రూల్సుతో కాదుగా. రెండు రాజులు, ఒక బంటు: 64×64×64, ఎత్తు ఎవరిదన్నది కూడా కలిపితే 5,24,288 స్థితులు. ముగిసిపోయిన ఆటల నుంచి వెనక్కి నడుచుకుంటూ రావడమే. ఫలితం: ఎనిమిది వరసల్లో నాలుగింట్లో బంటు ఎక్కడున్నా, రాజులెక్కడున్నా ఆట డ్రా. గుర్రం ఒక్కటే గానీ, శకటు ఒక్కటే గానీ ఒంటి రాజుని కట్టలేవు కదా. నిజానికి దీనికి ప్రోగ్రాం అక్కర్లేదు, తాత చాలు.

రెండు బంట్లుంటే ఇంకా తమాషా. రెండూ గుర్రం వరసల్లో దిగితే ఆ రెండు గుర్రాలూ కలిసి కూడా ఒంటి రాజుని బలవంతంగా కట్టలేవు. రెండూ శకటు వరసల్లో దిగితే ఒకటి తెల్లగడి మీద, ఒకటి నల్లగడి మీద పుడతాయి. అప్పుడు ఎక్కువలో ఎక్కువ 19 ఎత్తుల్లో ఆటకట్టు. ఒకటి శకటు, ఒకటి గుర్రం అయితే 33 దాకా పట్టొచ్చు. మన ఆటలో ఏనుగు వరస బంటంటే చులకన, ఎదుటి రాజు మూలలో నక్కితే అంతే సంగతులు. ఆ బలహీనత తాత ఆటలోనూ ఉంది, అయినా ఒంటరిగా గెలవగల నాలుగు వరసల్లో అదీ ఒకటి. అక్కడ బంటుతో పక్కకి తినడమంటే ఇల్లు మారడమే. లాభమో నష్టమో ముందే చూసుకోవాలి.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ప్రింటవుటు పట్టుకెళ్ళాను. తాతకి ఎనభై నాలుగు. చూపు బాగా తగ్గింది, పావుల్ని తడిమి గుర్తుపడుతున్నాడు. "ఆ రోజు నువ్వే కరెక్టు తాతా" అన్నాను.

"ఏ రోజు?" అన్నాడు.

గుర్తు లేదు. కాగితం పక్కన పెట్టి పావులు పేర్చమన్నాడు. పేర్చాను. కాసేపటికి నా ఏనుగు వరస బంటుతో పక్కనున్న ఆయన శకటుని తినబోతుంటే వేళ్ళతో గడి తడిమి నా చెయ్యి పట్టుకున్నాడు.

"గుర్రం ఇంటికెందుకురా దాన్ని?" అన్నాడు.