పిన్ని గోడ మీద గీత

సెలవులకి పిల్లల్ని తీసుకుని యానాం అగ్రహారంలో మా పిన్ని ఇంటికి వెళ్లాం. గుమ్మం పక్కన గోడ మీద 2022 జూలై వరద గీత ఇంకా కనిపిస్తోంది. ఆ నెల ధవళేశ్వరం దగ్గర గోదారి 25 లక్షల క్యూసెక్కులు దాటింది. "మరుసటేడు ఆగస్టులో చూస్తే చుక్క వాన లేదురా!" అంది పిన్ని. నిజమే, 1901 నుంచి దేశంలో అంత పొడి ఆగస్టు లేదు.

ఇదంతా ఎక్కడో పసిఫిక్ సముద్రంతో ముడిపడి ఉంది. దాని నడిమి నీళ్లు వేడెక్కితే ఎల్ నినో, చల్లబడితే లా నినా. మొదటిది వస్తే మన నైరుతి వానలు తరచూ తగ్గుతాయి, రెండోది వస్తే పెరుగుతాయి. 2022 లా నినా ఏడు, 2023 ఎల్ నినో ఏడు. అయితే ప్రతిసారీ అలాగే జరగదు. 1997లో పెద్ద ఎల్ నినో వచ్చినా దేశంలో వానలు మామూలుగానే పడ్డాయి.

మర్నాడు కోరంగి మడ అడవిలో చెక్క వంతెన మీద నడిచాం. మడ చెట్టుకి సముద్రపు నీళ్లతోపాటు గోదారి మంచినీళ్లూ కావాలి. వానలు తగ్గితే ఉప్పు పెరిగి మొక్క గిడసబారుతుంది. తుపాను అలల జోరు తగ్గించేది ఈ అడవే. 1996 నవంబరు తుపాను చూసిన పిన్ని ఒకప్పుడు మడ పుల్లలతోనే వంట చేసేది. గ్యాసు వచ్చాక మానేసింది.

వచ్చేటప్పుడు, ఇంటికి సున్నం వేయించనా అని అడిగాను.

"వేయించు. ఆ గీత మాత్రం చెరపొద్దు. సామాను ఎంత ఎత్తున పెట్టాలో పిల్లలకి తెలియాలిగా!" అంది.