నాందేడులో అమ్మమ్మ పాట

సికిందరాబాదులో దేవగిరి ఎక్స్‌ప్రెస్సు ఎక్కి, బాసర దగ్గర గోదావరికి దండం పెట్టుకొని, నాందేడులో దిగాము. 1956 వరకు ఈ ఊరు హైదరాబాదు రాష్ట్రంలోనిదే. “మేమెక్కడికీ పోలేదురా, సరిహద్దే జరిగింది” అని మా పెద్దమ్మ నవ్వుతుంది.

మరునాడు సచ్‌ఖండ్ గురుద్వారా దర్శించాము. 1708లో గురు గోవింద సింగు పరమపదించిన ఊరు ఇది. బయట అంగడిలో కీర్తనల సీడీ ఒకటి కొన్నాను. ఇంటికి వచ్చి పెడితే చక్కగా పాడింది. అది విని పెద్దమ్మ బీరువాలోంచి మరొక సీడీ తెచ్చింది. మా అమ్మమ్మ పాడిన పెళ్ళిపాటలు, లాలిపాటలు 2005లో ఒక దుకాణంలో దానికి ఎక్కించారు. మూడవ పాట మధ్యలో అది ఆగిపోయింది. “కొన్నది పాడుతుంది, మనది పాడదేమి?” అని పెద్దమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

అన్నయ్య ఓపికగా చెప్పాడు. కొన్న సీడీ అచ్చు పోసినది. మొదట గాజు పలక మీద ఒక పూత పూసి, లేసరు కిరణంతో పాటను గుర్తులుగా పెడతారు. కడిగితే అవి కంటికానని గుంటలవుతాయి. దానిపై నికెలు పేరబెట్టి తీసిన రేకును కార్ఖానాలో ‘తండ్రి’ అంటారు. తండ్రి నుంచి ‘తల్లి’, తల్లి నుంచి అచ్చులు. అచ్చును యంత్రంలో బిగించి, కరిగిన పాలికార్బొనేటు ప్లాస్టిక్కును ఒత్తిడితో పోస్తే, కొద్ది సెకండ్లలో 12 సెంటీమీటర్ల బిళ్ళ వస్తుంది. దానికి పలుచని అల్యూమినియం పూత, పైన రక్షణగా మరొక పూత. 1982లో జర్మనీలో హనోవరు సమీపాన ఇలా సీడీలు పోయడం మొదలుపెట్టారు. ఒక్క అచ్చుతో వేలకొద్దీ సీడీలు తీయవచ్చు. గుంటలు ప్లాస్టిక్కులోనే ఉంటాయి గనుక సులభంగా చెరగవు.

దుకాణంలో రాయించిన సీడీకి అచ్చు లేదు. అందులో ఉండేది రంగు పొర. లేసరు ఆ రంగును అక్కడక్కడ మార్చి గుర్తులు పెడుతుంది. ఎండకు, వేడికి ఆ రంగు ఏళ్ళు గడిచేకొద్దీ చెడిపోతుంది. నాందేడు వేసవి సంగతి వేరే చెప్పాలా!

ఆ రాత్రి అన్నయ్య కంప్యూటరులో పెట్టి, వచ్చినంతవరకు పాటలను దించి భద్రపరిచాడు. పద్నాలుగింటిలో తొమ్మిది దక్కాయి. పోయిన అయిదింటిలో మూడు పెద్దమ్మకు నోటికి వచ్చు. ఆమె పాడుతుంటే, మరాఠీ బడిలో చదివే మనుమరాలు ఆ తెలుగు మాటలను నాగరి లిపిలో రాసుకుంది. మిగిలిన రెండూ ఎవరికీ గుర్తు లేవు.

మీ ఇంట్లోనూ అటువంటి సీడీలుంటే, ఈ ఆదివారమే తీసి పాడించి చూడండి.