టిక్కీలు, బాండ్లు, ఒక పాత కంప్యూటరు

ముప్పై అయిదేళ్ళు బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడికి కంప్యూటరు సర్వర్ల ప్రసక్తి ఎందుకని చదువరులు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. గత వేసవిలో నా పూర్వవిద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చి, "మాస్టారూ, మీరు రాసిచ్చిన ఊళ్ళ పేర్లన్నీ గీతలూ పెట్టెలూ అయిపోయాయి. మీరొకసారి వచ్చి చూడాలి" అన్నాడు. అక్కడ మొదలయింది ఈ కథ.

అతనిది గుంటూరు దగ్గర మిరపకాయల శీతల గిడ్డంగి. జనం నోట కోల్డు స్టోరేజి అంటేనే తెలుస్తుంది. ధర లేని రోజుల్లో రైతు తన మిరప టిక్కీలను అక్కడ దాచుకుంటాడు. (టిక్కీ అంటే మిరపబస్తా.) దాచినందుకు ఒక బాండు ఇస్తారు. ఆ కాగితం పెట్టి బ్యాంకులో అప్పు తెచ్చుకునే రైతులు కూడా ఉన్నారు. కనుక దానిమీద పేరు, తండ్రి పేరు, ఊరు, టిక్కీల లెక్క తప్పు లేకుండా ఉండాలి.

1994లో ఇతడు తండ్రి చేతినుండి వ్యాపారం అందుకొని, ఫాక్స్‌ప్రోలో ఒక ప్రోగ్రాము రాయించుకున్నాడు. బాండు తెలుగులో ఉండాలని పట్టుబట్టాడు. ఆ రోజుల్లో అది చిన్న కోరిక కాదు. పుణెలోని సీడాక్ సంస్థవారి జిస్ట్ కార్డును కంప్యూటరులో అమర్చితే తప్ప డాస్ తెరమీద తెలుగు కనబడేది కాదు. ఊళ్ళ పేర్లూ ఇంటిపేర్లూ తప్పు లేకుండా ఉండాలని నా దగ్గరకు వస్తే, ఒక నోటుపుస్తకం నిండా రాసిచ్చాను. పెదనందిపాడు, వట్టిచెరుకూరు, ఫిరంగిపురం, క్రోసూరు, ఇలా. పండితుణ్ణి కదా, గుర్రంవారిని గుర్రం అని ఊరుకోక, బండి ఱ తో "గుఱ్ఱం" అని దిద్దించాను కూడా. ఆ ఱ సంగతి మళ్ళీ వస్తుంది.

ఆ యంత్రం ఇన్నేళ్ళూ నడిచింది. జిస్ట్ కార్డు పట్టే అర కొత్త కంప్యూటర్లలో ఉండదు. ఈనాటి 64 బిట్ల విండోస్ ఆ డాస్ ప్రోగ్రామును నేరుగా నడపదు. అందువల్ల పాతదాన్నే మరమ్మతు చేయించుకుంటూ వచ్చారు. రెండేళ్ళ క్రిందట మంచి రద్దీలో దాని పవర్ సప్లై కాలిపోయి రెండు రోజులు నిలిచిపోయింది. ఆ రెండు రోజుల్లోనే ఒక రైతు కూతురి పెండ్లి ఖర్చుకని టిక్కీలు తీయించుకోవడానికి వచ్చాడు. కాగితపు దస్తరం తిరగేసి, సాయంత్రానికి గాని అతని సరుకు ఏ గదిలో ఉన్నదీ తెలుసుకోలేకపోయారు. అతడు గేటు దగ్గర పొద్దంతా కూర్చున్న సంగతి నా శిష్యుడు ఈనాటికీ సిగ్గుపడుతూనే చెబుతాడు.

ఆ తర్వాత ఇంజనీరింగు చదివిన అతని కొడుకు, ఈ యంత్రాన్ని మనం కాపాడలేము, హైదరాబాదులోని ఒక హోస్టింగు కంపెనీకి అప్పగిద్దామన్నాడు. వాళ్ళు తమ డేటా సెంటరులో ఒక పెద్ద సర్వరుమీద పాత కంప్యూటరును పోలిన మిథ్యాయంత్రాన్ని సృష్టించి, అందులో ఈ ప్రోగ్రామును నడుపుతారు. ఇక్కడ తెర మాత్రమే కనిపిస్తుంది. అయితే మిథ్యాయంత్రంలో జిస్ట్ కార్డు లేదు. తెలుగు అక్షరాల సంకేతాలు డాస్‌లో గీతలకూ గ్రీకు అక్షరాలకూ కేటాయించిన స్థానాల్లో ఉంటాయి. కార్డు లేనిచోట క్రోసూరు కాస్తా పెట్టెల వరుస అయింది. నన్ను పిలిచింది అందుకు.

నేను వెళ్ళేసరికి ఒప్పందపు కాగితాలు బల్లమీద ఉన్నాయి, సంతకమే తరువాయి. అవి చదివి నేనేమి తేల్చగలను? కాని గిడ్డంగిలో కూర్చున్నాను కనుక ఒక ప్రశ్న తోచింది.

"నాయనా, నీ దగ్గర టిక్కీలు దాచే రైతు నిన్నేమేమి అడుగుతాడు?"

"ఎన్ని టిక్కీలు పెట్టానో రాసివ్వమంటాడు. కరెంటు పోతే ఏమిటంటాడు. తగలబడితే బీమా ఉందా అంటాడు. అద్దె ఎంత, గడువు దాటితే ఎంత అంటాడు. అడిగిన రోజున ఇస్తావా అంటాడు."

"ఇప్పుడు నువ్వు రైతువి. వాళ్ళది గిడ్డంగి. అవే అడుగు."

ఆ మధ్యాహ్నం ముగ్గురం కూర్చొని అవే ప్రశ్నలు వేసుకున్నాము. పాత వ్యాపార యంత్రాలను అప్పగించబోయేవారికి పనికివస్తాయేమోనని వాటి వివరం రాస్తున్నాను.

మొదటిది, ఎన్ని టిక్కీలు? అంటే అప్పగిస్తున్నది ఏమిటో మనకు తెలుసా? చూస్తే, ప్రోగ్రాము మూలపాఠం ఎక్కడా లేదు. రాసిన కుర్రవాడు ఎప్పుడో ఊరు విడిచాడు. అతడిచ్చిన ఫ్లాపీ చదవబడటం లేదు. నడిచే ప్రోగ్రాము ఉంది గాని దాని లోపలి మర్మం ఎవరికీ తెలియదు. ప్రింటరు పోర్టుకు తగిలించిన తాళంలాంటి చిన్న పరికరం లేనిదే అది తెరుచుకోదని కూడా అప్పుడే బయటపడింది. బాండు అచ్చయ్యేది కార్బను కాగితం పెట్టిన డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరుమీద. ప్రోగ్రాము హైదరాబాదుకు వెళితే ఇక్కడి ప్రింటరు ఎలా పలుకుతుంది? ఈ పట్టిక ముందు మనం రాసుకోవాలి. మనం చెప్పనిదాన్ని ఎదుటివారు మోసుకుపోరు.

రెండవది, చల్లదనం ఆగితే? ఒప్పందంలో 99.9 శాతం కాలం సేవ అందుతుందని ఉంది. నూటికి నూరు మార్కుల్లా కనిపించింది. ఆ అబ్బాయి లెక్కకట్టాడు. ఏడాదికి సుమారు 8 గంటల 45 నిమిషాలు ఆగినా మాట తప్పినట్లు కాదు. వానాకాలంలో ఎనిమిది గంటలు పోతే పోనీ. మార్చి నెలలో లారీలు బారులు తీరినప్పుడు పోతే? కనుక అడగవలసినవి రెండు. ఎంతసేపు ఆగితే మనం ఓర్చుకోగలం? ఎన్ని గంటల నమోదులు పోతే మళ్ళీ చేతితో రాసుకోగలం? ఈ రెండింటికీ జవాబు వ్యాపారి ఇవ్వాలి, కంపెనీ కాదు.

దీనికి తోడు మరొక చిక్కు. ఫాక్స్‌ప్రో ప్రోగ్రాము ఒక పేరు వెదకడానికి ఫైళ్ళలోని సమాచారాన్ని పెద్దయెత్తున తన దగ్గరకు లాక్కుంటుంది. ప్రోగ్రాము గుంటూరులో, ఫైళ్ళు హైదరాబాదులో ఉంచితే నత్తనడక తప్పదు. రెండూ ఒకచోటే ఉండి, తెర మాత్రమే తీగమీద ప్రయాణించాలి. ఆ తీగ తెగితే పని ఆగుతుంది కనుక ఇంటర్నెట్టు రెండు దారుల్లో ఉండాలి.

మూడవది, తగలబడితే? 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బూర్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటరు ఒకటి మంటల్లో నాశనమయింది. నకళ్ళు వేరేచోట ఉంచుకున్నవారు తేరుకున్నారు. అదే ప్రాంగణంలో ఉంచినవారిలో కొందరికి అసలుతోపాటు నకలు కూడా పోయింది. టిక్కీకి నకలు ఉండదు, సమాచారానికి ఉంటుంది. ఆ సదుపాయాన్ని వాడుకోకపోతే తప్పు మనదే. నకలు మరో ఊళ్ళో ఉండాలి, దాన్ని అప్పుడప్పుడు తెరిచి చదివి చూడాలి. తెరవని నకలును నమ్మరాదు.

నాలుగవది, పక్క గదిలో పురుగు పడితే? 2024 జూలై చివరిలో మన దేశంలోనే, చిన్న బ్యాంకులకు సాంకేతిక సేవలందించే సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ సంస్థపై రాన్సమ్‌వేర్ దాడి జరిగినప్పుడు, దాని సేవలు వాడే సుమారు 300 బ్యాంకుల చెల్లింపులు తాత్కాలికంగా ఆగిపోయాయని వార్తలు వచ్చాయి. పదిమందికి ఒకటే గిడ్డంగి అయినప్పుడు ఆపద కూడా ఉమ్మడి అవుతుంది. పైగా డాస్ కాలపు ప్రోగ్రాముకు తనను తాను కాపాడుకోవడం తెలియదు. దాన్ని బయటి ఇంటర్నెట్టుకు చూపక, గోషాలో ఉంచినట్లు లోపలే ఉంచాలి. రైతుల ఫోను నంబర్లూ ఆధారు నకళ్ళూ ఎవరి చేతిలో పెట్టినా, జవాబుదారీ సేకరించినవారిదేనని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం చెబుతున్నది. యంత్రాన్ని అప్పగించగలం గాని బాధ్యతను అప్పగించలేము.

అయిదవది, అన్నింటిలో ముఖ్యమైనది, అడిగిన రోజున ఇస్తారా? ఒప్పందంలో చేరడానికి ఆరు పేజీలున్నాయి, వెళ్ళిపోవడానికి రెండు వాక్యాలు. మన ఫైళ్ళను ఏ రూపంలో ఇస్తారు, ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఎంత తీసుకుంటారు, తమ దగ్గరి నకళ్ళు చెరిపివేసినట్లు రాసిస్తారా, కంపెనీయే మూతబడితే ఎవరిని అడగాలి, ఇవేవీ లేవు. ఆ అబ్బాయి ఫోనుచేసి అడిగితే వాళ్ళు మర్యాదగానే ఒప్పుకొని, మరో పేజీ చేర్చారు. అడగకపోతే చేర్చేవారు కారు.

ఇక పేర్ల సంగతి. లెక్కలు పాత ప్రోగ్రామే చేస్తుంది. పేర్లు చూపడానికీ బాండు అచ్చువేయడానికీ, పాత ఇస్కీ సంకేతాలను యూనికోడులోకి మార్చే చిన్న ప్రోగ్రాము రాస్తామన్నారు. యూనికోడులోని తెలుగు వరుసను ఇస్కీని అనుసరించే కూర్చారు కనుక ఇది బ్రహ్మవిద్యేమీ కాదు. వారం తర్వాత అంతా సిద్ధం, ఆదివారం మార్చేద్దామన్నారు.

నేను అడ్డుపడ్డాను. 2018 ఏప్రిలులో బ్రిటనులోని టీఎస్‌బీ బ్యాంకు తన ఖాతాలను పాత యంత్రాంగంనుండి కొత్తదానికి ఒక్క వారాంతంలో తరలించింది. 52 లక్షల ఖాతాదారుల్లో చాలామంది ఇబ్బందిపడ్డారు. 2022 డిసెంబరులో ఆ బ్యాంకుకు 4 కోట్ల 86 లక్షల పౌండ్లకు పైగా జరిమానా పడింది. అప్పగించిన పనిమీద తగిన అదుపు లేకపోవడం అక్కడ ఎత్తిచూపిన లోపాల్లో ఒకటి. వాళ్ళ ముందు మనమెంత?

పాత నోటుపుస్తకం తెప్పించి, మూడు వందల పేర్లు పక్కపక్కన పెట్టుకొని, జవాబుపత్రాలు దిద్దినట్లు దిద్దాను. రెండు వందల తొంబైకి పైగా సరిగ్గా ఉన్నాయి. తక్కినవాటిలో పేరు మధ్యలో ఒక అక్షరం మాయమయింది. ఏమిటా అని చూస్తే, అన్నీ నా ఱ లే! మార్పిడి పట్టిక తయారుచేసిన పిల్లలు ఆ అక్షరాన్ని ఎన్నడూ వాడలేదు, కనుక పట్టికలో చేర్చలేదు. అంతకంటె సిగ్గుపడవలసినది మరొకటి బయటపడింది. గుమాస్తాలు కొందరు గుఱ్ఱం అనీ కొందరు గుర్రం అనీ కొట్టడంవల్ల ఒకే రైతు ఇద్దరయ్యాడు, అతని టిక్కీలు రెండు ఖాతాల్లో చీలిపోయి ఉన్నాయి. ఇది హైదరాబాదువారి తప్పు కాదు. ముప్పై ఏళ్ళ క్రిందటి నా పాండిత్య ప్రకర్ష. అప్పగించేముందు ఇల్లు సర్దుకోకపోతే మన చెత్త కూడా అద్దె ఇచ్చి దాచుకుంటాము.

పట్టికలో ఱ చేర్చారు. జంట ఖాతాలను కలిపారు. ఒక సీజను పూర్తిగా పాతదీ కొత్తదీ పక్కపక్కనే నడపాలని నిర్ణయించారు. నెలకొకసారి ఫైళ్ళ నకలు గుంటూరుకు తెప్పించి, పాత యంత్రంలో తెరిచి సరిచూస్తారు. ఆ పని నాకే అప్పగించారు. జీతం లేదు, కాఫీ ఉంది.

మొన్న నేనక్కడ ఉండగానే ఒక గుఱ్ఱంవారి రైతు వచ్చాడు. హైదరాబాదునుండి వచ్చిన ఆజ్ఞతో ఇక్కడి ప్రింటరు గరగరమని బాండు తీసింది. ఱ చక్కగా కుదిరింది. నేను దానినే చూస్తున్నాను. అతడు మాత్రం పేరువైపు చూడలేదు. వేలు పెట్టి టిక్కీల లెక్క చదువుకున్నాడు. నలభై. సరిపోయిందని తల ఊపి, కాగితం మడిచి జేబులో పెట్టుకొని వెళ్ళిపోయాడు.