తెర మీద కూలింగ్, గదిలో ఉక్కపోత

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో చాలా ఇళ్ల గ్యారేజీల్లో కార్లుండవు, అట్టపెట్టెలుంటాయి. మా బావ గ్యారేజీలో మాత్రం ప్లైవుడ్ చెక్కకు బిగించిన థర్మోస్టాట్లున్నాయి, అంటే ఇంటి ఏసీని, హీటర్‌ను నడిపే గోడ మీటలు. ఆయన ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. శని, ఆదివారాల్లో చుట్టుపక్కల తెలుగువాళ్లు "అన్నా, ఫోన్‌లో ఒకటి చూపిస్తోంది, గోడ మీద ఇంకోటి చూపిస్తోంది" అంటూ వస్తుంటారు. అక్కడ వేసవిలో ఎండ నూరు డిగ్రీల ఫారెన్‌హీట్ దాటడం మామూలే, మన లెక్కలో 38 సెల్సియస్. కార్యసిద్ధి హనుమాన్ గుడికి వెళ్లొస్తూ ఈ గ్యారేజీ దగ్గర ఆగేవాళ్లూ ఉన్నారు. రెండు చోట్లా కోరిక ఒకటే.

చెక్క మీద ఓ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, ఇంటి కరెంటును 24 వోల్టులకు దించుతుంది. అమెరికాలో సెంట్రల్ ఏసీ ఉన్న ఇళ్లలో గోడ మీది థర్మోస్టాట్‌కు వచ్చే సన్న తీగలు సాధారణంగా ఈ 24 వోల్టులవే. ఆర్ అనే తీగలో కరెంటు వస్తుంది. దాన్ని వైకి కలిపితే బయట కంప్రెసర్, జీకి కలిపితే లోపల ఫ్యాన్, డబ్ల్యూకి కలిపితే హీటర్ పనిచేస్తాయి. సీ తిరుగుదారి. బావ ఆ యంత్రాలకు బదులు చిన్న చిన్న బల్బులు పెట్టాడు. ఏ బల్బు వెలిగితే ఆ యంత్రం నడుస్తున్నట్టు.

ఆయన ఫోన్‌లో ఇంటి పరికరాలను నడిపే హోమ్ అసిస్టెంట్ అనే యాప్ తెరిచి కూల్ నొక్కాడు. తెర మీద వెంటనే కూల్ అని పడింది. బల్బు వెలగలేదు.

"చెడిపోయిందా బావా?"

"లేదు బామ్మర్దీ. ఇందాకే ఆపాను కదా, కంప్రెసర్‌ని ఆపిన వెంటనే మళ్లీ తిప్పితే దానికి దెబ్బ. అందుకని థర్మోస్టాటే ఐదు నిమిషాలు ఆపుతుంది. కూల్ అన్నది మనమిచ్చిన హుకుం. పని మొదలైందా లేదా అన్నది వేరే కబురు."

హోమ్ అసిస్టెంట్‌లో ఈ రెంటికీ రెండు వేర్వేరు గడులున్నాయి, ఒకటి మోడ్, ఇంకోటి యాక్షన్. జీ-వేవ్ అనే వైర్‌లెస్ పద్ధతిలో నడిచే పరికరాల్లోనూ మోడ్ వేరు, ఆపరేటింగ్ స్టేట్ వేరు. తన దగ్గరికొచ్చే తగాదాల్లో చాలావరకు మొదటి గడి చూసి రెండోది చూశామనుకోవడం వల్లే వస్తాయంటాడు బావ.

కబురు పాతబడిపోవడం ఇంకో రకం జబ్బు. కొన్ని థర్మోస్టాట్లు మార్పు జరగ్గానే తమంతట తామే ఫోన్‌కు కబురు మోసే హబ్‌కు చెబుతాయి, కొన్ని అడిగితేనే చెబుతాయి. ఎవరికి చెప్పాలో తెలిపే అమరిక చెరిగిపోతే నోరు మూసుకుని కూర్చుంటాయి. దీనికి బావ పరీక్ష తేలిక. ఫోన్‌లో డిగ్రీ మార్చి గోడ చూడాలి. తర్వాత గోడ మీద మార్చి ఫోన్ చూడాలి. ఫోన్ నుంచి గోడకు వెళ్తోంది కానీ గోడ నుంచి ఫోన్‌కు రావడం లేదంటే థర్మోస్టాట్ హుకుం అందుకుంటున్నట్టు, లోపం కబురు మోసేచోట ఉన్నట్టు. ఫారెన్‌హీట్‌ను సెల్సియస్‌లోకి, మళ్లీ వెనక్కి మార్చడంలో అరడిగ్రీ అటూఇటూ అయితే ఆయన అసలు పట్టించుకోడు.

నిజానికి విద్యుత్ థర్మోస్టాట్ పుట్టిందే కబురు చెప్పడానికి. విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో వారెన్ జాన్సన్ అనే పంతులుగారుండేవారు. ఆయన 1883లో పేటెంట్ పొందిన విద్యుత్ థర్మోస్టాట్ తరగతిగది చల్లబడితే కింద కొలిమి గదిలో గంట కొట్టేది, పని మాత్రం జానిటర్ చేసేవాడు. ఇప్పుడు హుకుం యంత్రానికే వెళ్తోంది. అయ్యిందో లేదో చూసొచ్చే జానిటర్ లేడు.

ఆ సాయంత్రమే బావతో పక్క వీధిలో ఒకింటికి వెళ్లాను. తెనాలి నుంచి వచ్చిన పెద్దావిడ మేడ మీద గదిలో పమిటతో విసురుకుంటోంది. కొడుకు ఫోన్ చూపిస్తున్నాడు. "చూడన్నా, కూలింగ్ అనే ఉంది. యాక్షన్ గడిలోనే. అమ్మకు ఇక్కడి వాతావరణం పడక అలా అంటోంది."

"గాలి వస్తోంది నాయనా, చల్లదనమే లేదు," అందావిడ.

బావ ఫోన్ వైపు చూడలేదు, ఆవిడ మాట పట్టుకున్నాడు. గాలి పీల్చుకునే జాలీ దగ్గర థర్మామీటర్ పెడితే 84, గాలి వదిలే వెంటు దగ్గర పెడితే 82. మామూలుగా 15 నుంచి 20 డిగ్రీల తేడా ఉండాలి. పెరట్లో రెండు కంప్రెసర్ యూనిట్లలో ఒకటే తిరుగుతోంది. గోడ మీది థర్మోస్టాట్‌ను తీగలతో సహా ముందుకు లాగి మీటర్ పెడితే వై తీగలో 24 వోల్టులు ఉన్నాయి. అంటే అది అబద్ధమాడటం లేదు, తన వంతు హుకుం ఇచ్చేసింది. దారిలో ఎవరో ఆపారు.

ఆపింది అటక మీద ఉంది. ఏసీ చల్లబరిచేటప్పుడు గాలిలోని తేమ నీరై కారుతుంది. అది పోయే గొట్టంలో నాచు పట్టి, కింది పళ్లెం నిండింది. నీళ్లతో పాటు తేలే ఫ్లోట్ స్విచ్ పైకి లేచి వై తీగను తెంచింది, సీలింగ్ తడిసి కూలకుండా. ఫ్యాన్ తీగ వేరు కాబట్టి గాలి మాత్రం వస్తూనే ఉంది. ఇదే స్విచ్‌ను కొందరు ఆర్ తీగలో పెడతారు. అప్పుడు ఆ తీగ మీదే బతికే థర్మోస్టాట్ తెర మొత్తం ఆరిపోతుంది, ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది. నన్నడిగితే అదే మేలు. ధైర్యంగా కూలింగ్ అని చెప్పే తెరకంటే ఆరిపోయిన తెర నయం.

నీళ్లు కూడా పీల్చే వ్యాక్యూమ్‌ను బయట గొట్టం మూతికి ఆనించి లాగితే నల్లటి జిగురు ఊడొచ్చింది. పళ్లెం ఖాళీ అయ్యింది, స్విచ్ దిగింది, కాసేపటికి రెండో యూనిట్ తిరగడం మొదలెట్టింది. ఇంతసేపూ ఫోన్‌లో ఒక్క అక్షరం మారలేదు. ఆ అబ్బాయి చేత బావ వెంటులో చిన్న సెన్సర్ ఒకటి పెట్టించాడు. కూలింగ్ అని పడి పావుగంటైనా వెంటు గాలి గదికంటే పది డిగ్రీలు తగ్గకపోతే ఫోన్ మోగాలని నియమం రాయించాడు.

వేసవిలో అమ్మానాన్నల్ని అక్కడికి రప్పించుకునేవాళ్లకు ఒక మాట. వాళ్లకు యాప్ నేర్పేముందు వెంటు కింద చెయ్యి పెట్టి చూడటం, పెరట్లో యూనిట్ చప్పుడు వినడం చెప్పండి. వాళ్లు ఉక్కగా ఉందంటే నమ్మండి. ఎండలు ముదరకముందే ఆ నీటి గొట్టం ఓసారి కడిగించండి.