రెండు పళ్ళు తక్కువ

బుల్లెట్‌కి సైడ్‌కారు పెట్టించుకోవాలని ముచ్చటపడేవాళ్ళు ముందు చూసేది తొట్టి ఆకారం, సీటు మెత్తదనం, బండి రంగులో కలిసిపోయే పెయింటు. ‘షోలే’లో ఇద్దరు స్నేహితులు పాడుకుంటూ తిరిగిన ఆ బీఎస్‌ఏ బండి 1975 నుంచీ మన కళ్ళలో మెదులుతూనే ఉంది కాబట్టి ఆ ముచ్చట సహజమే. నాకు మాత్రం సైడ్‌కారు బండి కనిపించగానే అడగాలనిపించే మొదటి ప్రశ్న వేరు: గేర్‌బాక్స్ స్ప్రాకెట్‌కి ఎన్ని పళ్ళు?

పాత బుల్లెట్ బరువు 165 కిలోలకి అటూ ఇటూ. దానికి సైడ్‌కారు తగిలించి, అందులో ఓ మనిషిని కూర్చోబెట్టి, కాళ్ళ దగ్గర ఇంత సామాను సర్దితే, పెరిగే బరువు దాదాపు ఇంకో బండంత. గాలికి ఎదురొడ్డే ఒళ్ళు కూడా పెరుగుతుంది. ఇంజిన్ మాత్రం అదే. పళ్ళు మార్చకుండా రోడ్డెక్కితే ఇబ్బంది మొదటి సిగ్నల్ దగ్గరే తెలుస్తుంది. యాక్సిలరేటర్ పెంచి, క్లచ్ సగం వదిలి, బండి కదిలేదాకా ప్లేట్లని రాపిడి పెట్టాలి. ట్రాఫిక్‌లో కాసేపు ఇలా నడిపితే కాలిన వాసన వస్తుంది. హైవే మీద ఇంకో రకం కష్టం. టాప్ గేర్లో వెళ్తుంటే చిన్న మిట్టకే, కొద్దిపాటి ఎదురుగాలికే ఇంజిన్ దడదడలాడి డీలా పడుతుంది. థర్డ్‌కి దించితే గగ్గోలు పెడుతుంది. ఆ రెంటికీ నడుమ ఇంకో గేరు లేదు. నాలుగు గేర్ల బండిలో నాలుగోది పేరుకే మిగులుతుంది.

నెత్తిన గడ్డిమోపు ఉన్న మనిషి అంగలు వెయ్యదు. అడుగు కురచ చేసుకుని గబగబా నడుస్తుంది. స్ప్రాకెట్ మార్చడమంటే బండికి ఆ నడక నేర్పడమే. వెనక చక్రానికి 38 పళ్ళు, ముందు గేర్‌బాక్స్ దగ్గర 17 ఉన్నాయనుకుందాం. టాప్‌లో వెనక చక్రం ఒక చుట్టు తిరగాలంటే ముందుది 2.24 చుట్లు తిరగాలి. 17 తీసి 15 పెడితే అది 2.53 అవుతుంది. చక్రం దగ్గర లాగుడు నూటికి 13 వంతులు పెరుగుతుంది. ఇంజిన్ అదే జోరుతో తిరుగుతున్నా 60 వచ్చేచోట 53 వస్తుంది. ఇంజిన్ బలం వీసమెత్తు పెరగదు. ఉన్న బలాన్ని మోయాల్సిన బరువుకి తగ్గట్టు పంచుకుంటున్నాం, అంతే. నాకు ఈ లెక్కలో నచ్చేది దీని నిజాయితీ. ఎంత ఇచ్చామో అంతే పుచ్చుకుంటాం.

వెనక పళ్ళు పెంచొచ్చు కదా అని కొందరు అడుగుతారు. ముందు ఒక పన్ను తగ్గించడం వెనక రెండు మూడు పెంచడంతో సమానం కాబట్టి అదీ దారే. అయితే పాత బుల్లెట్లలో వెనక పళ్ళచక్రం బ్రేకు డ్రమ్ముతో కలిపి పోతపోసి ఉంటుంది. పళ్ళు మార్చాలంటే డ్రమ్మే మార్చాలి. అందుకే మెకానిక్కులు ముందువైపుకే వస్తారు.

ముందువైపు పని కూడా తేలిక కాదు. ఆ స్ప్రాకెట్ క్లచ్ వెనక దాక్కుని ఉంటుంది. ఎడమవైపు ప్రైమరీ కేసు మూత విప్పగానే నల్లటి ఆయిల్ ట్రేలోకి దిగుతుంది. ఆల్టర్నేటర్, ప్రైమరీ చైను, క్లచ్ ఒక్కొక్కటీ ఊడొచ్చి గోనెసంచి మీద వరసగా చేరతాయి. లోపలి మూత కూడా తీశాక గానీ అసలు చక్రం బయటపడదు. ఏళ్ళతరబడి తిరిగిన స్ప్రాకెట్‌ని చేతిలోకి తీసుకుని చూడండి. పళ్ళన్నీ ఒకే వైపుకి కొక్కేల్లా వంగి ఉంటాయి. అలా అరిగిన చక్రం మీద నడిచిన చైను కూడా సాగిపోయే ఉంటుంది. దాన్ని కొత్త పళ్ళ మీద వేస్తే వాటినీ పాడుచేస్తుంది. అందుకే మంచి మెకానిక్కు ‘చైను కూడా తెండి సార్’ అంటాడు. ఆ మాట వినాలి. పాత చైనే బాగుంటే, రెండు పళ్ళు తగ్గినందుకు వెనక చక్రాన్ని ఓ 8 మిల్లీమీటర్లు వెనక్కి జరపాలి. నత్తగుల్ల ఆకారంలో ఉండే అడ్జస్టర్లలో ఆ చోటు మిగిలి ఉందో లేదో ముందే చూసుకోవాలి.

లాగుడు గురించే అందరూ మాట్లాడతారు. నేను దిగుడు గురించి చెబుతాను. మన దేశంలో సైడ్‌కారు బండికి ఎడమవైపు ఉంటుంది. చాలావాటికి ఆ మూడో చక్రానికి బ్రేకు ఉండదు. శ్రీశైలం నుంచి నల్లమల ఘాట్ దిగుతూ బ్రేకు గట్టిగా నొక్కితే బండి ఆగుతుంది గానీ సైడ్‌కారు తన బరువుతో ముందుకి తోసుకొస్తుంది. హ్యాండిల్ కుడివైపుకి లాగుతుంది. కుడివైపంటే ఎదురుగా బస్సొచ్చే వైపు. పాత డ్రమ్ బ్రేకులు వేడెక్కితే పట్టు కూడా సడలుతుంది. పళ్ళు తగ్గించిన బండి ఇక్కడే రుణం తీర్చుకుంటుంది. ఎక్కేటప్పుడు పెరిగిన ఆ 13 వంతులు దిగేటప్పుడు ఇంజిన్ పట్టులోనూ పెరుగుతాయి. యాక్సిలరేటర్ వదిలేస్తే చాలు, బండి ఒకే తీరుగా బిగబట్టి దిగుతుంది. బ్రేకు మలుపు దగ్గరికి మిగిలి ఉంటుంది. పక్కన కూర్చున్నది పిల్లో, పెద్దవాళ్ళో అయినప్పుడు దీని విలువ ఇంకా బాగా తెలుస్తుంది.

కంపెనీలకి ఈ సంగతి మొదట్నుంచీ తెలుసు. 1955 నుంచి 1969 దాకా వచ్చిన పాత బీఎండబ్ల్యూలకి సైడ్‌కారు కోసం వేరే వెనక గేర్లు ఉండేవి. మీటరు తప్పు చూపకుండా దానికి తగ్గ స్పీడోమీటరు ఉండేది. సైడ్‌కారు పెడితే ముందు ఫోర్కును బిగించడానికి వేరే రంధ్రం కూడా ఉండేది. రష్యాలోని ఇర్బిట్ ఊళ్ళో తయారైన ఉరల్ బండ్లలో సైడ్‌కారు బండికి 8, 37 పళ్ళ జత, ఒంటి బండికి 9, 35 పళ్ళ జత. అంటే మొదటిదాంట్లో చక్రం ఒక చుట్టుకి 4.62 చుట్లు, రెండోదాంట్లో 3.89. మన ఊళ్ళలో ఒకప్పుడు కుటుంబాలకి కుటుంబాలనే మోసిన చేతక్ స్కూటర్ల సైడ్‌కార్లకి ఈ వెసులుబాటు లేదు. ఆ స్కూటర్లో చైనే లేదు. పళ్ళు మార్చాలంటే ఇంజినే విప్పాలి.

స్పీడు పోతుందని బెంగపడేవాళ్ళకి నా జవాబు సూటిగా ఉంటుంది. సైడ్‌కారుతో 80 దాటి వెళ్ళాలనుకోవడమే సరికాదు. అలాగని 13కీ, 12కీ దిగిపోకండి. చక్రం చిన్నదయ్యేకొద్దీ చైను మరీ ముడుచుకుని తిరుగుతుంది, త్వరగా అరుగుతుంది. హైవే మీద ఇంజిన్ ఊపిరాడక అరుస్తుంది. సైడ్‌కారుని తరచూ విప్పి బిగించేవాళ్ళకి 16 చాలు. ఎప్పుడూ బిగించే ఉంచేవాళ్ళకి 15 మేలు.

1988 మోటారు వాహనాల చట్టం 2(27) సెక్షన్ ప్రకారం విడదీయగల సైడ్‌కారుతో ఉన్నా అది మోటార్ సైకిలే. అయినా బండిలో మార్పుల సంగతి చూసే 52వ సెక్షన్ ఉంది కాబట్టి ముందు ఆర్టీఓ ఆఫీసులో కనుక్కుని, ఆర్‌సీలో రాయించుకోండి. తర్వాత స్ప్రాకెట్ మార్పించండి. తొట్టికి రంగు ఆఖర్న వేయించుకోవచ్చు. తీసిన 17 పళ్ళ చక్రాన్ని మెకానిక్కు దగ్గర వదిలెయ్యకుండా ఇంటికి తెచ్చుకోండి. సైడ్‌కారు విప్పిన రోజున మళ్ళీ అదే కావాలి.