పైన పటారం... కింద తుప్పు!

ఇంట్లో తాతల నాటి కారుందా? రంగు చూసి మురిసిపోకండి. ఓసారి కాళ్ల దగ్గర మ్యాటు ఎత్తి చూడండి. పెద్దాపురంలో ఓ రేకుల షెడ్డు మాకు నేర్పిన పాఠమిది!

కాకినాడ నుంచి సుమారు 20 కిలోమీటర్లు. ఏడీబీ రోడ్డు దిగితే పెద్దాపురం. పట్టు పంచెలకీ మరిడమ్మ తల్లి జాతరకీ పేరున్న ఊరు. వనవాసంలో పాండవులు తలదాచుకున్నారని చెప్పుకునే పాండవుల మెట్ట అల్లంత దూరం నుంచే పలకరిస్తుంది. ఆషాఢం వచ్చిందంటే ఎక్కడెక్కడి ఆడపడుచులూ అల్లుళ్లూ జాతరకు దిగిపోతారు. మేం వెళ్లేసరికి ఆ హడావుడి అప్పుడే మొదలైంది. దాంతోపాటే వానలూ!

నేల కనబడింది

షెడ్డులో తెల్లటి అంబాసిడర్ ఒకటి జాకీల మీద నిలబడి ఉంది. రిటైరైన లెక్కల మాస్టారిది. 1970ల్లో కొన్న బండి. కూతురిని అత్తారింటికి పంపింది అందులోనే. శ్రావణంలో మనవరాలి పెళ్లి. పెళ్లికూతుర్ని మండపానికి ఆ కారులోనే తీసుకెళ్లాలని ఆయన ముచ్చట. కొత్త రంగు వేయిస్తే చాలనుకుని వచ్చారు.

మేస్త్రి ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్నవాడే. డ్రైవరు సీటు ముందున్న మ్యాటు ఎత్తి, స్క్రూడ్రైవరుతో రేకును పొడిచాడు. బిస్కట్‌లా విరిగింది. కంతలోంచి షెడ్డు నేల కనబడింది!

''రంగెయ్యమంటే ఏసేత్తానండి మాస్టారూ. కానీ తవరు కాలెక్కడ పెడతారండి?''

మాస్టారి మొహాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. అంతకుముందోసారి తుప్పు కనిపిస్తే ఎవరో దానిమీదే లప్పం పెట్టి రంగు కొట్టేశారట. ఆ లప్పం తేమను పీల్చుకుంది. లోపల రేకు హాయిగా కుళ్లింది. పైన పటారం లోన లొటారం అంటే ఇదేనేమో!

ఇది అందానికి సంబంధించిన గొడవ కాదు. జీపుకు ఉన్నట్టు అంబాసిడర్‌కు విడిగా చాసిస్ ఉండదు. నేల రేకు, తలుపుల కింది గుమ్మాలు, పైకప్పు... అన్నీ కలిపి వెల్డింగు చేసిన గూడే దాని బలం. గుమ్మాలు తుప్పు తినేస్తే ఇంటికి పునాది కదిలినట్టే. పైగా 2014 మేలో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో అంబాసిడర్ల తయారీ ఆగిపోయింది. పాడైన భాగాన్ని చాలాసార్లు రేకు కత్తిరించి, సుత్తితో వంచి, చేత్తోనే తయారు చేసుకోవాలి.

ఎక్కడ దాక్కుంటుంది?

ఇనుముకు నీరూ, గాలిలోని ఆక్సిజనూ కలిసి తగిలితేనే తుప్పు. గాలిలో తేమ 60 శాతం దాటితే దానికి పండగ. మన గోదావరి జిల్లాల్లో వానాకాలం సంగతి చెప్పాలా? దీనికి ఉప్పు తోడైతే మరీ చెరుపు. ఉప్పునీరు విద్యుత్తును తేలిగ్గా ప్రవహింపజేస్తుంది కాబట్టి తుప్పు పని చకచకా సాగుతుంది. ఉప్పాడ బీచి రోడ్డులో షికారు చేసి వచ్చాక బండిని, ముఖ్యంగా అడుగు భాగాన్ని, మంచినీళ్లతో కడగమనేది అందుకే.

తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రంగును పైకి నెడుతుంది. రంగు మీద చిన్న బుడగ కనిపించిందంటే లోపల వ్యవహారం ఎప్పుడో మొదలైందన్నమాట. తడి మ్యాట్ల కింద, తలుపుల అడుగున, డిక్కీలో స్టెప్నీ కింద, బ్యాటరీ తట్టలో, అద్దం రబ్బరు అంచుల్లో, చక్రాల పైన బురద పేరుకునే చోట ముందుగా వెతకాలి.

కలంకారీ నలుపే మందు!

తుప్పు పైపైన ఉంటే వైద్యం తేలికే. వైరు బ్రష్షుతో, ఎమరీ కాగితంతో మెరిసే రేకు కనిపించేదాకా రుద్ది, ఆ రోజే రెడ్ ఆక్సైడ్ పూయాలి. అయితే అదొక్కటే వేసి వదిలేయకూడదు. తేమ లోపలికి దిగుతుంది. పైన మరో పూత తప్పనిసరి.

గుంటలు పడితే తుప్పును మార్చే ద్రావణాలున్నాయి. కొన్నింటిలో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది, కొన్నింటిలో టానిన్. ఈ రెండోది మనకు కొత్తేం కాదు. పెడన కలంకారీలో ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో ఊరబెట్టి, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద అద్దితే నల్లరంగు వస్తుంది. కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలిసి చేసే మాయ అది. కారు మీదా అంతే... ఎర్ర తుప్పు నల్లటి పొరగా మారుతుంది. ఆమ్లంతో పని కాబట్టి చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు మరవకూడదు.

కంత పడితే మాత్రం ఏ మందూ పనిచేయదు. గట్టి రేకు వచ్చేదాకా కోసేసి, అంతే మందం ఉన్న కొత్త రేకు వెల్డింగు చేయాలి. బ్యాటరీ, పెట్రోలు ట్యాంకు తీశాకే ఆ పని. ఆ తర్వాత అతుకులు మూసి, అడుగున నల్లటి అండర్‌కోటింగు వేస్తారు. గుమ్మాల లోపలి బోలులోకి మైనం లాంటి పూతను పిచికారీ చేస్తారు.

ఇవి మరవకండి

* వానలో తిరిగొస్తే మ్యాట్లు తీసి ఆరబెట్టండి.
* తలుపుల అడుగున నీళ్లుపోయే కంతలుంటాయి. సన్నటి పుల్లతో శుభ్రం చేస్తుండండి.
* ప్లాస్టిక్ పట్టా కప్పొద్దు. తేమ లోపలే నిలుస్తుంది. గాలాడే గుడ్డ కవరు మేలు.
* మట్టినేల మీదా, గడ్డి మీదా నెలల తరబడి నిలపొద్దు.
* రాయి తగిలి రంగు లేస్తే ఆ వారంలోనే పూత వేయించండి.

మాస్టారు మనసులోనే లెక్క వేసుకున్నారు. పెళ్లికి నాలుగు వారాలు. నేలా, గుమ్మాలూ మార్చి, బండికంతా రంగు వేయడం ఆలోపు అయ్యే పని కాదు. రెంటిలో ఒకటే.

''నేల పని కానియ్యరా. రంగు సంగతి దీపావళికి చూద్దాం'' అన్నారు చివరికి. అంతలోనే మరో దిగులు. ''గుమ్మాలకు నల్లపూతంటున్నావు. పెళ్లికూతురి కారుకి నలుపేంటని మీ అమ్మగారు అంటే?''

మేస్త్రి నవ్వేశాడు. ''దిష్టి చుక్క అని చెప్పండి మాస్టారూ!''